మానేసిన పనికి జీతం

నేను ఉద్యోగం మానేసి సరిగ్గా నెల అయింది. ఒకటో తారీకు పొద్దున ఉల్లిపాయలు తరుగుతుంటే ఫోను మోగింది. జీతం పడిందని మెసేజ్. ప్రతి నెలా పడేంతే. ఎక్కువా లేదు, తక్కువా లేదు.

"చూడు, పొరపాటున వేసినట్టున్నారు," అన్నాను మా ఆయనతో.

ఆయన వ్యాను డ్రైవరు. బూట్లు తొడుక్కుంటూ తల కూడా ఎత్తలేదు. "వేస్తే వేశారులే. పన్నెండేళ్ళు చాకిరీ చేశావు, నెల జీతం ఎక్కువొస్తే వాళ్ళేం మునిగిపోరు."

"నాకొద్దు వాళ్ళ సొమ్ము!"

"వద్దంటే తిరిగి పంపు. మధ్యలో నా మీద అరుస్తావేం?"

నిజమే, అరిచాను. ఆ కంపెనీ మాట చెవిన పడితే చాలు, ఒళ్ళు మండిపోయే రోజులవి. ఎందుకో ముందే చెప్పేస్తాను. దాచిపెట్టి చెబితే ఈ కథలో నేనేదో మంచిదాన్ననుకుంటారు.

అది ఆస్పత్రుల దుప్పట్లు ఉతికే పెద్ద లాండ్రీ. రోజుకి నాలుగు వేల దుప్పట్లు వచ్చేవి. హాలు నేల కింద ఉండేది, ఒక్క కిటికీ కూడా లేదు. ఒక పక్క ఉతికే మిషన్లు, మధ్యలో ఆరబెట్టే డ్రమ్ములు, ఆ చివర మడతల బల్లలు. నేను పొద్దుటి షిఫ్టు సూపర్‌వైజర్ని. మడతల బల్ల దగ్గర చుక్కక్క. గడ్డం మీద శనగగింజంత పుట్టుమచ్చ ఉండేది, అందుకని ఆ పేరు. అసలు పేరు జీతం కాయితం మీద చూడ్డమే తప్ప ఎవరూ పలకగా వినలేదు. నాకంటే పదేళ్ళు పెద్దది. "ఏమమ్మా సూపర్‌వైజరమ్మా!" అని సాగదీసి పిలిచి నన్ను ఏడిపించేది. మొగుడు ఎప్పుడో పోయాడు. పదహారేళ్ళ కూతురు. ఆ పిల్ల ఫీజుల కోసం ఆదివారాలు కూడా పనుంటే చెప్పమనేది.

పెద్ద దుప్పటి ఒక్కరి వల్ల మడత పడదు. ఇద్దరు చెరో కొసా పట్టుకుని దులిపి, సగానికి మడిచి, దగ్గరికి నడిచి కొసలు కలపాలి. మనుషులు తక్కువైన రోజున చుక్కక్కకి రెండో కొస నేనే పట్టేదాన్ని.

నాలుగో నంబరు డ్రమ్ముకి తలుపు జబ్బు. తలుపు తెరిస్తే మిషను ఆగాలి. అది ఒక్కోసారి ఆగేది కాదు. మూడుసార్లు రాసిచ్చాను. "వచ్చే నెల చూద్దాం," అనేవాడు మేనేజరు. మూడుసార్లూ అదే మాట. ఒకనాడు లోపల దుప్పటి ఇరుక్కుంటే చుక్కక్క నడుం దాకా వంగి లాగుతోంది. డ్రమ్ము తిరిగింది.

అంతకంటే చెప్పలేను.

ఆ సాయంత్రమే మేనేజరు నన్ను గదిలోకి పిలిచి ఒక కాయితం ముందు పెట్టాడు. అందులో ఏముందంటే, చుక్కక్క ముందు రోజే పని మానేసిందట. ఆ రోజు అనుమతి లేకుండా లోపలికి దూరిందట. హాజరు రిజిస్టరులోంచి అప్పటికే ఆమె పేరు తీసేశారు. ఉద్యోగే కానప్పుడు నష్టపరిహారం ఎక్కడిది? ఆ నెల చేసిన పనికి జీతం కూడా లేదు.

"నీ షిఫ్టులో జరిగింది," అన్నాడు. "సంతకం పెడితే ఆమె తప్పు. పెట్టకపోతే నీ నిర్లక్ష్యం. జైలుకెళ్తావో, ఇంటికెళ్తావో నువ్వే తేల్చుకో."

సంతకం పెట్టాను.

వారం రోజులు అన్నం సయించలేదు. ఎనిమిదో రోజున రాజీనామా వాడి బల్ల మీద పడేసి వచ్చేశాను. అదేదో ఘనకార్యమని కాదు. చూపాల్సినప్పుడు చూపని ధైర్యం తర్వాత ఎందుకు?

అందుకే ఆ జీతం పడగానే నాకు మొదట తోచింది ఒక్కటే. నోరు మూయించడానికి డబ్బు పంపుతున్నారు! ఆ రోజే ఉత్తరం రాశాను. మీరు పొరపాటున జీతం వేశారు, ఏ ఖాతాకి తిరిగి పంపాలో చెప్పండి అని. జవాబు లేదు. రెండో నెల మళ్ళీ పడింది. మళ్ళీ రాశాను, ఫోను చేశాను. "చూస్తాం మేడం," అన్నారు. మూడో నెలా పడింది. నేను అప్పటికి ఒక టైలరు కొట్లో కాజాలు కుట్టే పనిలో చేరాను. ఇంటద్దెకి ఇబ్బందిగానే ఉంది. అయినా ఆ డబ్బు ముట్టుకోలేదు. ముట్టుకుంటే చేతికి ఏదో అంటుతుందన్నట్టు ఉండేది.

నాలుగో నెల మొదట్లో నోటీసొచ్చింది. రాజీనామా తర్వాత నాకు అదనంగా చెల్లించిన మూడు నెలల జీతం పది రోజుల్లో కట్టాలట. అదీ నా చేతికొచ్చినంత కాదు. పన్నుల కింద, పొదుపు కింద వాళ్ళు కోసుకున్నది కూడా కలిపి కట్టాలట. నేను కళ్ళతో చూడని డబ్బు నేను కట్టాలి! పైగా "ఉద్దేశపూర్వకంగా దాచినందుకు" చర్య తీసుకుంటారట.

ఆ నోటీసు పట్టుకుని, రాసిన ఉత్తరాల నకళ్ళు సంచిలో వేసుకుని, శనివారం మధ్యాహ్నం కంపెనీకి వెళ్ళాను.

జీతాలు చూసే ఆయన నాకు పన్నెండేళ్ళుగా తెలుసు. మెత్తటి మనిషి, ఎప్పుడూ గొంతు సవరించుకుంటూ మాట్లాడతాడు. అందరం జీతాలాయన అనేవాళ్ళం. ఆయన బల్ల మీద ఉత్తరాలన్నీ గుట్టగా పోశాను.

"రెండు నెలలుగా తీసుకోండి మొర్రో అంటున్నాను. దాచానా? ఎక్కడ దాచాను? మీ కళ్ళలో దాచానా?"

"కూర్చోండమ్మా," అన్నాడు. గొంతు సవరించుకున్నాడు. లేచి వెళ్ళి తలుపు వేసొచ్చాడు. "మీ పేరు తీసెయ్యకపోవడం మా తప్పే. కానీ పేరున్నంత మాత్రాన జీతం పడదు. హాజరుంటేనే పడుతుంది. హాజరు సున్నా అయితే జీతమూ సున్నా."

"అయితే?"

కంప్యూటరు నా వైపు తిప్పాడు.

నా పేరు. కింద తారీకులు. ప్రతి తారీకు పక్కనా వేలిముద్ర, పైపైన చూస్తే అన్నీ పొద్దున ఆరు గంటలవే. మూడు నెలలు, తొంభై రెండు రోజులు. ఒక్క రోజు కూడా పోలేదు. హాలుకి తాళం పడే ఆదివారాలు కూడా.

"మీరు... రావడం లేదు కదా అమ్మా?" అని మెల్లగా అడిగాడు.

నేను నోరు తెరిచేలోపు తలుపు తోసుకుని మేనేజరు వచ్చాడు. అంతా విన్నట్టున్నాడు. "వేలిముద్ర రబ్బరు మీద తీసి ఎవడితోనో వేయిస్తోంది. ఇలాంటివి ఎన్ని చూడలేదు! పది రోజుల్లో డబ్బు కట్టకపోతే పోలీసులకిస్తా," అన్నాడు.

"ఇవ్వు!" అన్నాను. పన్నెండేళ్ళలో వాణ్ణి ఏకవచనంతో పిలవడం అదే మొదలు. "ఇచ్చెయ్. నేనూ వాళ్ళకి చెప్పాల్సింది చాలా ఉంది."

వాడి మొహం ఒక్క క్షణం పాలిపోయింది. తలుపు ధడాలున వేసి వెళ్ళిపోయాడు.

జీతాలాయన నన్ను గేటు దాకా సాగనంపాడు. "రేపు ఆదివారం. ఈ రాత్రే బాయిలరు ఆర్పేస్తారు. తాళాలు నా దగ్గరుంటాయి," అన్నాడు నేల చూపులు చూస్తూ. "ఆ ముద్ర ఎవరు వేస్తున్నారో తేలకపోతే నా ఉద్యోగం కూడా పోతుంది. ఒకసారి వచ్చి చూస్తారా?"

మర్నాడు పది గంటలకి వెళ్ళాను. బయట ఎండ ఫెళ్ళున కాస్తోంది. గేటు పక్కన కాపలా కుక్క నీడలో పడుకుని ఉంది. జీతాలాయన ఫోనులో చూపించాడు. "ఇవాళ కూడా పడింది. ఆరింటికి. నేను ఐదున్నర నుంచి ఇక్కడే ఉన్నాను. ఎవరూ రాలేదు."

తాళం తీశాం. లోపల చీకటి. ఆదివారాలు కరెంటు మెయిను కట్టేస్తారు, వేలిముద్ర మిషనూ దారి చూపే బల్బూ మాత్రం బ్యాటరీ మీద నడుస్తాయి. ఆ స్విచ్చు పై అంతస్తులో, వెనకవైపు గదిలో ఉంటుంది.

"మీరు మెట్ల దగ్గర ఉండండి. ఇప్పుడే వేసొస్తా," అని ఆయన వెళ్ళాడు.

ఉండాల్సింది. కానీ నాకు కోపంగా ఉంది. నా పేరు మీద, నా వేలి మీద ఎవరో ఆటలాడుతున్నారు. దొరికితే జుట్టు పట్టుకుని పైకి ఈడ్చుకొద్దామని మెట్లు దిగాను.

పది మెట్లు దిగేసరికి వెనక వెలుతురు సన్నగిల్లింది. తడి నూలు వాసన, బ్లీచింగ్ వాసన. పన్నెండేళ్ళు పీల్చిన గాలే. దాని కింద ఇంకేదో వాసన, ఇస్త్రీ పెట్టె ఒకే చోట మరచిపోతే వస్తుందే, అలాంటిది. మెట్ల పక్క కమ్మీ మీద చెయ్యి వేశాను. వెచ్చగా ఉంది. బాయిలరు ఆర్పి పన్నెండు గంటలైంది. ఎందుకు వెచ్చగా ఉండాలి?

కింద నేల మీద కాలు పెట్టాను. దూరంగా, బయటికి దారి చూపే పచ్చటి బల్బొక్కటే వెలుగుతోంది. దాని వెలుతురు మడతల బల్ల అంచు దాకా వచ్చి ఆగిపోయింది.

ఫట్.

దుప్పటి దులిపిన చప్పుడు.

నాకు తెలియని చప్పుడా అది? రోజుకి కొన్ని వందలసార్లు విన్నాను. అయితే దుప్పటి అలా చప్పుడు చెయ్యాలంటే రెండు వైపులా మనుషులుండాలి.

"ఎవరది?" అన్నాను. గొంతు గట్టిగానే వచ్చింది.

ఫట్... ఫట్...

"ఎవరు? బయటికి రా!"

చప్పుడు ఆగింది. చీకట్లోంచి ఏదో తెల్లగా నా వైపు సాగింది. దుప్పటి కొస. గాల్లో, నా నడుం ఎత్తున, వచ్చి నా చేతి వేళ్ళకి తగిలింది. వేడిగా ఉంది. అప్పుడే డ్రమ్ములోంచి తీసినంత వేడి.

"సూపర్‌వైజరమ్మా..." అని గుసగుసగా వినిపించింది. "కొస పట్టు."

పట్టాను. ఎందుకు పట్టానని ఎవరు అడిగినా చెప్పలేను. పన్నెండేళ్ళ అలవాటు. చేతులు వాటంతట అవే పట్టుకున్నాయి. అవతలి కొస బిగుసుకుంది. ఎవరో పట్టుకున్నారు. దుప్పటి పొడుగంతా మా మధ్య ఉంది. అవతల ఎవరున్నారో కనబడలేదు.

సగానికి మడిచాం. అవతలివైపు ఒక అడుగు పడింది. తడి అడుగు.

"అక్కా..." అన్నాను.

"నా పేరు కొట్టేశారు. వేలు పెడితే మిషను పలకలా." మాట దుప్పటి గుండా వస్తున్నట్టుంది, ముక్కు నోరూ గుడ్డతో కప్పినట్టు. "నీ పేరుంది. అందుకని నీ పేరు మీద చేస్తున్నా."

రెండో మడత. ఇంకో అడుగు. ఇప్పుడు మా మధ్య మూడు అడుగుల దూరం.

"డబ్బు పడిందా?"

"పడింది..."

"మరి పిల్లకి ఎందుకివ్వలా?"

"నీదని తెలీదక్కా... నిజంగా తెలీదు..."

"దాని ఫీజు రెండో వాయిదా కట్టాలి." ఆ గుసగుసలో ఏడుపు లేదు. కోపం. నేను పడుతున్న కోపానికి వంద రెట్ల కోపం. "తొంభై రోజులు చేశా. ఒక్కదాన్నే చేశా. నువ్వు దాచుకుని కూర్చున్నావు."

మూడో మడత. కొసలు కలపాలంటే దగ్గరికి నడవాలి. నేను కదల్లేదు. అదే నడిచి వచ్చింది. పచ్చటి వెలుతురు అంచులోకి వచ్చింది.

మొహం చూడలేదు. చూడలేకపోయాను. గడ్డం కనిపించింది, దాని మీద మచ్చ కనిపించింది. ఆ గడ్డం... భుజం కంటే కిందగా ఉంది.

"సంతకం..." అంది.

"జైల్లో పెడతానన్నాడక్కా. భయపడ్డాను..."

"నన్నెక్కడ పెట్టారో తెలుసా?"

నా వెనక, నాలుగో నంబరు డ్రమ్ములోంచి లోపలి నుంచి ఎవరో తట్టారు. ఒకసారి... రెండుసార్లు...

కొసలు కలిశాయి. దాని వేళ్ళు నా అరచేతుల మీద పడ్డాయి. కాలిపోయాయి అరచేతులు. అరిచాను. అదే నిమిషంలో హాలంతా లైట్లు వెలిగాయి.

ఎదురుగా ఎవరూ లేరు. నా చేతుల్లో దుప్పటి ఉంది, నాలుగు మడతలూ పడి, అంచుకి అంచు కలిసి. బల్లల నిండా దుప్పట్లు. శనివారం సాయంత్రం తడి దుప్పట్లతో వదిలేసి వెళ్ళిన తోపుడు బండ్లన్నీ ఖాళీ. గోడ పొడుగునా మనిషెత్తు దొంతరలు. వంద మంది చేసినా అంత తీరుగా రావు.

జీతాలాయన మెట్ల మీదే నిలబడిపోయాడు. "ఎవరితో మాట్లాడుతున్నారమ్మా?" అని అడిగాడు, గొంతు సవరించుకోవడం కూడా మరచిపోయి. తర్వాత నా అరచేతులు చూశాడు. బొబ్బలెక్కి ఉన్నాయి. జేబురుమాలు తడిపి వాటికి చుట్టాడు.

ఆ రోజంతా ఏడ్చాను. భయంతో కాదు. తనతో అంత పని చేయించిన వాళ్ళ మీద కోపంతో, నా మీద అంతకు మించిన కోపంతో. మా ఆయన అరచేతులకి మందు రాశాడు. మర్నాడు పొద్దున తనే వ్యాన్‌లో కార్మిక శాఖ ఆఫీసుకి తీసుకెళ్ళాడు.

అక్కడి ఆఫీసరమ్మ నెరిసిన జుట్టు మనిషి. నేను సంతకం పెట్టిన కాయితం అబద్ధమని రాసిచ్చాను. డ్రమ్ము గురించి మూడుసార్లు ఇచ్చిన ఫిర్యాదుల నకళ్ళిచ్చాను. జీతాలాయన తన ఉద్యోగం పోతే పోయిందని చుక్కక్క పాత హాజరూ, నా కొత్త హాజరూ రెండూ అచ్చు తీసి తెచ్చాడు. హాల్లో చూసింది మాత్రం మేమిద్దరం చెప్పలేదు. చెబితే మిగతాదంతా కొట్టుకుపోయేది.

నాలుగు రోజులకి ఆఫీసరమ్మ మేనేజర్ని పిలిపించింది. వాడు ముందు నా నోటీసు తీశాడు. "ఈవిడ మాకు మూడు నెలల జీతం బాకీ ఉంది."

"మీ రిజిస్టరు ప్రకారం ఈవిడ తొంభై రెండు రోజులు పనిచేశారు," అంది ఆఫీసరమ్మ కాయితాలు తిప్పుతూ. "ఈ రిజిస్టరు నిజమైతే అది అదనపు జీతం కాదు, పనికిచ్చిన జీతం. అబద్ధమైతే, చనిపోయినావిడ ముందు రోజే మానేసిందని చెప్పే రిజిస్టరూ ఇదే కదా? ఏది కావాలో మీరే చెప్పండి."

వాడు నోటీసు మడిచి జేబులో పెట్టుకోబోయాడు.

"మా హాల్లో అన్ని రోజులూ పని జరిగింది సార్," అన్నాడు జీతాలాయన మేనేజరు మొహంలోకి చూస్తూ. "దుప్పట్లు లెక్కపెట్టుకోండి."

"ఎవరు చేశారయ్యా?" అని అరిచాడు వాడు.

"నువ్వు పేరు కొట్టేసిన మనిషి," అన్నాను నేను.

వాడు నా వైపు తిరిగాడు. తిట్టబోయి నా అరచేతులు చూసి ఆగిపోయాడు. 

నోటీసు వెనక్కి తీసుకున్నారు. నా పేరు తీసేశారు. డ్రమ్ముకి సీలు వేశారు. నష్టపరిహారం కేసు నడుస్తోంది. దొంగ కాయితం మీద సంతకం పెట్టినందుకు నా మీదా కేసుంది. ఉండనీ. ఆ కేసుకి నేను తగినదాన్నే.

మూడు నెలల జీతం బ్యాంకు నుంచి తీసి, కవర్లో పెట్టుకుని చుక్కక్క కూతురి దగ్గరికి వెళ్ళాను. ఆ పిల్ల మేనత్త ఇంట్లో ఉంటోంది. మేనత్త పనికి వెళ్ళింది. పిల్లే తలుపు తీసింది. సన్నగా, తల్లిలాగే వెడల్పాటి చేతులు.

"పిన్నీ," అంది. చావు రోజున చూసింది నన్ను, గుర్తుపట్టింది. నేను చెప్పాల్సిందంతా దారిలో కూడబలుక్కున్నాను. కవరు చేతిలో పెట్టాను. "అమ్మ జీతం," అన్నాను. అంతే అనగలిగాను.

ఏ జీతమని అడగలేదు. ఆశ్చర్యపోలేదు. గుమ్మంలోనే కూర్చుని లెక్కపెట్టింది.

"ఎన్ని రోజులకి?"

"తొంభై రెండు."

పెన్ను తెచ్చుకుని కవరు మీద ఏదో లెక్క వేసింది. కొన్ని నోట్లు విడిగా తీసి నాకు చాచింది. "రెండు రోజులవి ఎక్కువొచ్చాయి పిన్నీ."

"లేదమ్మా. సరిగ్గానే ఉంది. ఒక్క రోజు కూడా పోలేదు."

"పోయింది. రెండో నెల పదకొండు, పన్నెండు తారీకుల్లో నాకు జ్వరం వచ్చింది. ఆ రెండు రోజులూ పొద్దున్నుంచి రాత్రి దాకా అమ్మ ఇక్కడే ఉంది, నా తల దగ్గరే. ఎక్కడికీ వెళ్ళలేదు." నోట్లు నా చేతిలో కుక్కింది. "మాది కాని డబ్బు మాకొద్దు. ఎవరిదో వాళ్ళకిచ్చెయ్యండి."

తలుపు వేసుకుంది.

మెట్ల మీద కూర్చుని సంచిలోంచి హాజరు కాయితం తీశాను. వేలు పెట్టి తారీకులు వెతికాను. రెండో నెల. పదకొండు... పన్నెండు...

రెండు రోజులూ ముద్ర పడింది. ఆరింటికి కాదు. తెల్లవారుజామున మూడున్నరకి, పిల్ల లేవకముందే.